తెరవని హోటల్లో డెబ్బై రెండు గదులు

ఫిబ్రవరి 9

రెండోసారి వాయిదా పడింది. మొదట జనవరి ఇరవై అన్నారు. తర్వాత ఫిబ్రవరి పదిహేను అన్నారు. ఇవాళ పొద్దున్న హెడ్డాఫీసు నుంచి ఫోన్ చేసిన కుర్ర మేనేజరు "త్వరలో మేడమ్" అన్నాడు. తేదీ మారితే నాకు భయం లేదు, ఎన్నోసార్లు మారింది. తేదీయే లేకపోవడం ఇదే మొదటిసారి.

ఈ కంపెనీకి ఇప్పటిదాకా ఎనిమిది హోటళ్ళు తెరిచి ఇచ్చాను. ఇది తొమ్మిదోది. భవనం పూర్తయింది. డెబ్బై రెండు గదుల్లో పరుపులు వేసి, దుప్పట్లు బిగించి, తువ్వాళ్ళు మడిచి పెట్టాం. ఒక్కరూ పడుకోలేదు. మనిషి మసలని గది ఎంత తొందరగా పాడవుతుందో బయటివాళ్ళకి తెలియదు. రెండు రోజులు కుళాయి తిప్పకపోతే గొట్టంలోంచి వాసన. కిటికీ తీయకపోతే పరదాలు ముక్కిపోతాయి. అందుకని రోజూ ఏడింటికి బయల్దేరి డెబ్బై రెండు స్నానాల గదుల్లో కుళాయిలు తిప్పుతాం, ఆగుతాం, కట్టేస్తాం. డెబ్బై రెండు మంచాల దుప్పట్లు లాగి మళ్ళీ వేస్తాం.

అరవై ఒక్కమంది సిబ్బంది. అందరినీ నేనే తీసుకున్నాను, నేనే నేర్పాను. గెస్టులు లేరు కాబట్టి పూటకి సగంమంది గెస్టులుగా నటిస్తున్నారు. ఇవాళ వంటమాస్టరు గెస్టయ్యాడు. సూప్ మూడుసార్లు వెనక్కి పంపాడు. చేసింది తనే.

లైట్ల ఆయన ఇంకా రాలేదు. ఆయన ప్రతిచోటా ఆఖరునే వస్తారు, తెరవడానికి పది రోజుల ముందు. తేదీ లేకపోతే ఆయనా రారు. గదుల్లో ఇంకా మేస్త్రీలు తగిలించిపోయిన బల్బులే ఉన్నాయి. తెల్లగా, మొహం మీద కొట్టినట్టు. నా ఆత్రమంతా అదే. గదుల గురించి.

ఫిబ్రవరి 10

ఫోన్ రాలేదు. హెడ్డాఫీసు ఫోన్ గురించే అంటున్నాను.

ఫిబ్రవరి 13

ఆదివారం. అక్క ఫోన్ చేసింది. ఎప్పుడు తెరుస్తారే అంటే, ఆయన రావాలి కదా అన్నాను.

"ఏ ఆయనే?" అంది.

లైట్లు అమర్చే ఆయన అన్నాను. అక్క చాలాసేపు నవ్వింది. నవ్వేందుకు ఏముందో నాకర్థం కాలేదు. ఫోన్ పెట్టేశాక కుళాయిలు ఇంకోసారి తిప్పివచ్చాను.

లైట్లు ఎలా అమరుస్తారో అక్కకి ఎన్నోసార్లు చెప్పాను, మళ్ళీ చెప్పినా వినదు. సాయంత్రం చీకటి పడే వేళ మొదలుపెడతాం. నేను గెస్టులా మంచం మీద పడుకుని పుస్తకం తెరుస్తాను. ఆయన స్టూలెక్కి దీపాన్ని వేలెడంత అటూ ఇటూ జరుపుతారు. "కంట్లో పడుతోందా అండీ?" కొంచెం. "ఇప్పుడు?" ఇప్పుడు లేదు. "అక్షరాలు కనబడుతున్నాయా?" ఆ. అప్పుడు పెన్సిలుతో గోడ మీద చిన్న గుర్తు. మళ్ళీ పక్క గది. పదకొండేళ్ళుగా అంతే. ఆ పదకొండేళ్ళలో ఆయన నన్ను మేడమ్ అని తప్ప పిలవలేదు. ఆరో హోటల్ అయ్యాక ఆయన భార్య పోయింది. ఏడో హోటల్లో మొదటి గదిలోనే "కంట్లో పడుతోందా" అని అడిగి, జవాబు వినకుండా బయటికి వెళ్ళిపోయారు. నేను మంచం మీద అలాగే ఉండిపోయాను. అరగంట తర్వాత వచ్చి, ఏమీ జరగనట్టు స్టూలెక్కారు.

అంతకుముందు నా మనసులో ఏమీ లేదు. నిజంగానే లేదు.

ఫిబ్రవరి 18

కుర్ర మేనేజరు గంటసేపు మాట్లాడాడు. చెప్పాల్సింది ఐదు నిమిషాలే.

పెద్దాయన చేతుల్లోంచి కంపెనీ జారిపోయి మూడేళ్ళయిందని నాకు తెలుసు. హోటళ్ళంటే గదులు కావు, బతికే తీరు అని చెప్పి దీన్ని మొదలుపెట్టిన మనిషి ఆయన. మా హోటళ్ళలో కౌంటరు ఉండదు. గోడలకి టీవీలుండవు. ఒకే సబ్బు వాసన, ఒకే తువ్వాలు మడత, ఒకే రంగు వెలుతురు. పత్రికలవాళ్ళు లైఫ్‌స్టైల్ బ్రాండ్ అని రాశారు. వాటాలు కొన్న పెట్టుబడి సంస్థకి ఇప్పుడు విసుగొచ్చింది. మొత్తం అమ్మేస్తారట. కొనేవాళ్ళెవరో, మా పేరు ఉంచుతారో తీసేస్తారో, ఈ తొమ్మిదోది హోటల్‌గానే ఉంటుందో ఆఫీసులవుతుందో ఎవరికీ తెలియదు. మార్చి ఇరవై రెండున చూడడానికి వస్తారు.

అప్పటిదాకా సిబ్బందికి చెప్పవద్దన్నాడు. మనుషులతో నిండుగా ఉంటే హోటల్‌కి విలువట. ఖాళీగా ఉంటే వట్టి కట్టడమట.

సరే అన్నాను.

ఫిబ్రవరి 19

పొద్దున్న మీటింగులో మార్చి ఇరవై ఎనిమిది అన్నాను. తేదీ ఎక్కడినుంచి వచ్చిందో నాకే తెలియదు. నోట్లోంచి వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఫిబ్రవరి 22

లాండ్రీ ఆవిడ నా గదికి వచ్చింది. ముప్ఫై రెండేళ్ళుంటాయి, ఇద్దరు పిల్లలు, మాట తక్కువ. నేను నేర్పినవాళ్ళందరిలో చేతి పని బాగా వచ్చింది ఆవిడకే. దుప్పటి అంచు నా కన్నా సూటిగా మడుస్తుంది. ఆసుపత్రి లాండ్రీలో పర్మనెంటు ఉద్యోగం వచ్చిందట, పగటి షిఫ్టు. సోమవారంలోగా చెప్పాలట. అక్కడికి వెళ్ళనా, ఇక్కడ ఉండనా, మీరేమంటే అది చేస్తానంది.

నీ ఇష్టమమ్మా అన్నాను. ఆవిడ కదల్లేదు. ఇక్కడ పని నేర్చుకున్నవాళ్ళకి మంచి భవిష్యత్తు ఉంటుందని కూడా అన్నాను. మొహం వెలిగిపోయింది. వెళ్ళిపోయింది.

అబద్ధం చెప్పలేదు. ఉంటుందన్నాను. ఎక్కడ అని అనలేదు.

ఫిబ్రవరి 25

ముప్ఫై ఒకటో గదికని వచ్చిన ల్యాంప్ షేడ్ రంగు తేడాగా ఉంది. అది అడగడానికి లైట్ల ఆయనకి ఫోన్ చేశాను. తేడా అంత ఎక్కువేం లేదు.

సొంత ఊళ్ళో ఏదో గ్రంథాలయానికి దీపాలు పెడుతున్నారట. రావద్దని హెడ్డాఫీసువాళ్ళు చెప్పేశారట. అమ్మకం సంగతి ఆయనకీ తెలుసు. "తొమ్మిదోది చూడకుండానే అయిపోతుందేమో అండీ," అన్నారు. ఫోన్ తెగిందనుకుని హలో అన్నాను. ఆయనా హలో అన్నారు.

ఫిబ్రవరి 26

హెడ్డాఫీసుకి రెండు పేజీల ఉత్తరం రాశాను. కొనేవాళ్ళు వచ్చేటప్పటికి దీపాలు అమర్చకపోతే మన హోటల్‌కీ ఊళ్ళోని మిగతా హోటళ్ళకీ తేడా కనబడదని, పది రోజులకి లైట్ల ఆయనని పంపడం అమ్మకానికి చాలా అవసరమని. అన్నీ నిజాలే. చదువుకుంటే నాకే బాగుందనిపించింది.

మార్చి 1

ఒప్పుకున్నారు. ఆరో తేదీన వస్తారు.

మీటింగులో లైట్ల ఆయన వస్తున్నారని చెప్పాను. అంటే తెరుస్తున్నట్టే కదా మేడమ్ అన్నాడు డోర్‌మన్. రోజూ యూనిఫాం వేసుకుని, ఎవరూ రాని తలుపు దగ్గర ఎనిమిది గంటలు నిలబడే మనిషి.

మార్చి 6

వచ్చారు. జుట్టు చాలావరకు తెల్లబడింది. పనిముట్ల పెట్టె అదే, దాని పిడి మాత్రం కొత్తది. నన్ను చూసి "చిక్కారు మేడమ్," అన్నారు. భవనమంతా తిరిగి చూశారు. కిటికీలు పడమటివైపు ఎక్కువున్నాయని, అందుకని దీపాలు కాస్త ఆలస్యంగా వెలిగించాలని అన్నారు. ఆరింటికి మొదటి గదిలో మొదలుపెట్టాం. ఏడున్నరకల్లా ఐదు గదులు.

ఏం పుస్తకం పట్టుకున్నానో చూసుకోలేదు. తలకిందులుగా ఉందని ఆయనే చెప్పారు.

మార్చి 8

ఇరవై మూడు గదులు.

మార్చి 9

ముప్ఫై ఆరు. నిదానంగా చేయమన్నాను. తొందరపడితే పని చెడుతుందని.

మార్చి 10

యాభై ఏడు. నిదానంగా చేయమన్నా వినరు.

ఇవాళ పని మొదలుపెట్టే ముందు మేడ మీద టీ తాగాం. కింద వీధిలో ఎవరో సైకిల్ గొలుసు బిగించుకుంటున్నారు. ఆయన దాన్నే చూస్తూ, మూడో హోటల్లో వానకి కరెంటు పోతే అరవై కొవ్వొత్తులతో గెస్టులకి స్వాగతం చెప్పడం గుర్తుందా అన్నారు. గుర్తుంది. ఎవరో మెచ్చుకుంటే, ఇది మా ప్రత్యేక ఏర్పాటని పెద్దాయన ఠపీమని చెప్పడం కూడా గుర్తుంది. ఇద్దరం నవ్వుకున్నాం. "అలాంటి పని ఇంక దొరకదండీ," అన్నారు. పనే అన్నారు. నేనూ పని గురించే అవునన్నాను.

ఇంకా పదిహేను గదులున్నాయి. ఆ తర్వాత ఏమిటన్నది ఆలోచించడం లేదు.

మార్చి 11

యాభై ఎనిమిదో గదిలో ఉన్నాం. నేను మంచం మీద, ఆయన స్టూలు మీద. లాండ్రీ ఆవిడ దిండు గలీబులు తెచ్చింది. ఎప్పుడూ మాట్లాడని మనిషి ఇవాళ నిలబడి మాట్లాడింది. దీపాలు పెట్టాక గదులు ఇంత బాగుంటాయనుకోలేదంది. ఆసుపత్రివాళ్ళు పిలిచినా వెళ్ళలేదని, మేడమ్ ఉండమన్నారని ఉండిపోయానని ఆయనకి చెప్పింది. ఇరవై ఎనిమిదిన తెరిచే రోజు పిల్లల్ని తీసుకొచ్చి బయటినుంచైనా చూపించవచ్చా అని నన్నడిగింది. చూపించు అన్నాను.

ఆవిడ వెళ్ళాక ఆయన స్టూలు దిగారు.

"వాళ్ళకి తెలియదా?"

చెప్పవద్దన్నారని చెప్పాను. ఎప్పటినుంచి మీకు తెలుసని అడిగారు. మూడు వారాలన్నాను. అమ్మకం బాగా జరిగితే అందరికీ మంచిదే కదా అన్నాను. మంచం మీదినుంచి లేచి మాట్లాడాల్సింది. పడుకునే అన్నాను, చేతిలో పుస్తకంతో.

"అమ్మకంతో మీకేం పనండీ?"

కోపంగా అనలేదు. తెలియక అడిగినట్టే అడిగారు. జవాబు గొంతు దాకా వచ్చింది. అమ్మకం కోసం కాదు, ఆ ఉత్తరం మీ కోసం రాశాను, మీరు వచ్చేదాకా ఈ నాటకం నడవాలని ఊరుకున్నాను అని. అనలేదు. ఆయన దీపం ఆర్పి పనిముట్లు సర్దుకున్నారు.

"రేపు పొద్దున్న చెప్పేయండి. మీరు చెప్పకపోతే నేను చెప్తాను."

పదకొండేళ్ళలో ఆయన నాకు ఇలా చేయమని చెప్పడం ఇదే మొదలు.

మార్చి 12

చెప్పాను. భోజనాల హాల్లో అందరినీ కూర్చోబెట్టి, నేను నిలబడి చెప్పాను. ఇరవై ఎనిమిది అబద్ధమని, కంపెనీ అమ్మకానికి ఉందని, నాకు ఫిబ్రవరి పద్దెనిమిది నుంచి తెలుసని. ఎవరూ అరవలేదు. అరిస్తే బాగుండేది. వంటమాస్టరు తన టోపీ తీసి బల్ల మీద పెట్టి దాన్నే చూస్తూ కూర్చున్నాడు. రేపు నిలబడాలా వద్దా అని డోర్‌మన్ అడిగాడు. మీ ఇష్టమన్నాను. ఆ మాట నాకిప్పుడు బాగా అలవాటైపోయింది.

మధ్యాహ్నం వెళ్ళి చూస్తే, లాండ్రీ ఆవిడ తన యూనిఫాం ఇస్త్రీ చేసి, గుండీలన్నీ పెట్టి, బల్ల మీద ఉంచి వెళ్ళిపోయింది.

సాయంత్రానికి ముప్ఫైమంది వెళ్ళిపోయారు. కుర్ర మేనేజరు ఫోన్లో గొంతు చించుకున్నాడు. విన్నాను.

మార్చి 13

మిగిలిన పదిహేను గదులూ ఒక్కరోజులో ముగించారు. నన్ను పిలవలేదు. దీపం సరిచేసుకుని, తనే వెళ్ళి మంచం మీద పడుకుని చూసుకుని, మళ్ళీ లేచి స్టూలెక్కుతున్నారు. వసారాలోంచి చూశాను.

వెళ్ళేటప్పుడు "ఆరోగ్యం జాగ్రత్త మేడమ్," అన్నారు. బస్సు ఎన్నింటికని అడిగాను. చెప్పారు. మంచి బస్సే అన్నాను.

మార్చి 14

డెబ్బై రెండు కుళాయిలు.

మార్చి 16

లాండ్రీ ఆవిడ ఇంటికి వెళ్ళాను. రెండో అంతస్తు, మెట్ల మీద పిల్లల చెప్పులు. లోపలికి రమ్మంది, కుర్చీ వేసింది, నీళ్ళిచ్చింది. నేను నేర్పినట్టే, గ్లాసు కింద చేయి పెట్టి. ఆసుపత్రిలో పర్మనెంటు పోస్టు వేరేవాళ్ళకి వెళ్ళిపోయిందట. రాత్రి షిఫ్టు ఒకటి దొరికిందట, తాత్కాలికం. పిల్లల్ని పక్కింటావిడ దగ్గర పడుకోబెట్టి వెళ్తోంది.

క్షమించమని అడిగాను. తల వంచుకుని వింది. ఆ తర్వాత అన్నది మాట పోకుండా రాసుకుంటున్నాను.

"మీ మాట నమ్మినందుకు కాదు మేడమ్ నా బాధ. ఉద్యోగం పోతే ఇంకోటి వస్తుంది. తెలిసి కూడా మీరు రోజూ పొద్దున్నే నా దగ్గరికొచ్చి దుప్పటి మడత చూసేవారు. ఇక్కడ అంగుళం ఎక్కువైంది అని విప్పించి మళ్ళీ చేయించేవారు. ఎవరూ పడుకోరని తెలిసే చేయించారు కదా. అది తలుచుకుంటే మాత్రం చేతులు ఆగిపోతున్నాయి నాకు."

గ్లాసు కింద పెట్టి లేచాను. మెట్ల దాకా వచ్చి, చీకటిగా ఉంటుంది చూసి దిగండి అంది.

మార్చి 17

ఇవాళ నిజం రాస్తాను. ఆయన రావాలని నేను అరవైమందిని కూర్చోబెట్టాను. ఇదీ సంగతి.

మార్చి 22

కొనేవాళ్ళ తరఫున ఒకావిడ వచ్చింది. వాళ్ళది పెద్ద హోటళ్ళ సంస్థ. మాటల్లో తియ్యదనం లేదు, చూపులో కల్లాకపటం లేదు. వేడినీళ్ళు ఎంతసేపటికి వస్తాయో గడియారం పట్టుకుని చూసింది. పరదా వెనక వేలితో రాసి చూసింది. సిబ్బంది పదిహేడుమందే ఉన్నారేమని అడిగింది. కుర్ర మేనేజరు ఏదో అనబోయాడు. నేనే చెప్పాను. కాగితం మీద పదిహేడు అని రాసుకుని పక్క ప్రశ్నకి వెళ్ళిపోయింది. పదిహేడుకీ అరవై ఒకటికీ ఆవిడకి ఏ తేడా లేదు. ఇన్నాళ్ళు దాచినదంతా అందుకేనా అనుకున్నాను.

సాయంత్రం దీపాలన్నీ వెలిగించాం. నలభయ్యో గదిలో ఆవిడ కాసేపు ఆగిపోయింది. ఇంత బాగా ఎవరు చేశారంది. చెప్పాను. అందంగానే ఉంది కానీ గెస్టులు లాప్‌టాప్ మీద పనిచేసుకోవడానికి చాలదు, తెల్లవి పెట్టించాలంది.

ఏప్రిల్ 4

అయిపోయింది. తొమ్మిదీ కొనేశారు. మా పేరు ఉండదు. ఈ తొమ్మిదోది జూన్‌లో వాళ్ళ పేరుతో తెరుస్తారు, హోటల్‌గానే. పాతవాళ్ళలో కావలసినవాళ్ళ జాబితా ఇమ్మన్నారు. మొదట లాండ్రీ ఆవిడ పేరు రాశాను.

నాకొక పని చెప్పారు. ఎనిమిది ఊళ్ళు, ఒక్కో ఊళ్ళో ఆరువారాలు. కప్పుల మీద, తువ్వాళ్ళ మీద, తలుపుల మీద మా పేరు తీయించాలి. సబ్బులు మార్చాలి. సిబ్బందికి నేను నేర్పినవి మాన్పించి వాళ్ళ పద్ధతి నేర్పాలి. దీపాలు మార్చాలి. తెరిచిన మనిషికే కదా ఏది ఎక్కడుందో తెలిసేది అంది కొనేవాళ్ళ ఆవిడ. వెటకారంగా కాదు. నాలుగు రోజుల్లో చెప్పమంది.

ఏప్రిల్ 5

పెద్దాయన ఫోన్ చేశారు. గొంతు సన్నబడిపోయింది. ఒక్క హోటల్‌కైనా, అన్నిటిలోకి చిన్నదానికైనా, పేరు ఉంచమని అడిగి చూడమ్మా అన్నారు. నా మాట ఎవరు వింటారండీ అన్నాను. "అవును, నా మాటే వినలేదు," అన్నారు. రెండో హోటల్లో కిటికీ కింద మల్లెపొద ఇంకా ఉందా అని అడిగారు. ఉందని చెప్పాను. ఉందో లేదో నాకు తెలియదు. ఈ అబద్ధానికి మాత్రం నాకు బాధ లేదు.

ఏప్రిల్ 6

లైట్ల ఆయనకి ఫోన్ చేశాను. ల్యాంప్ షేడ్ సాకు లేకుండా.

ఆయననీ అడిగారట, దీపాలు తీసే పనికి. కుదరదన్నారట. నేను ఒప్పుకుంటున్నానని చెప్పాను.

"ఎందుకండీ? మన చేత్తో మనమే ఎందుకు?"

తెలియనివాళ్ళ చేతిలో పెడితే గోడలు పగలగొట్టి తీస్తారని చెప్పాను. అది నిజమే. తర్వాత ఊపిరి తీసుకుని మిగతాది కూడా చెప్పాను. మీరూ వస్తారేమోనని ఒప్పుకుంటున్నాను అన్నాను. ఫిబ్రవరిలో ఆ ఉత్తరం అందుకే రాశానని, సిబ్బందికి చెప్పకపోవడం కూడా సగం అందుకేనని అన్నాను. సగం కాదు, చాలావరకు అన్నాను.

అవతల గ్రంథాలయంలో ఎవరో కుర్చీ జరుపుతున్న చప్పుడు. "ఉంటానండీ," అని పెట్టేశారు.

నాకు నలభై ఎనిమిదేళ్ళు.

ఏప్రిల్ 7

ఫోన్ రాలేదు. ఆయన ఫోన్.

ఏప్రిల్ 8

రాలేదు. కొనేవాళ్ళ ఆవిడకి సరే అని చెప్పాను.

ఏప్రిల్ 10

అక్కకి చెప్పాను. అంతా. ఈసారి నవ్వలేదు.

"ఎన్నాళ్ళనుంచే?" అంది.

తెలియదన్నాను. తర్వాత, తెలుసన్నాను. ఆయన భార్య బతికుండగానా అని అడగలేదు. అడిగినా చెప్పేదాన్ని కాదు. నాకే సరిగ్గా తెలియని సంగతది. ఆ ఉద్యోగం మానేసి నా దగ్గరికి వచ్చెయ్యి, వెనక గది ఖాళీగానే ఉందంది. నేను సర్దుకోవడానికి ఇంకో గది చాలా దయగా చూపించింది. వెళ్ళను. రెండేళ్ళ కాపురం వదిలి వచ్చినప్పుడూ ఆ వెనక గదిలోనే ఏడాదున్నాను. దాని పైకప్పులో ఎన్ని పగుళ్ళున్నాయో ఇప్పటికీ చెప్పగలను.

ఏప్రిల్ 19

లాండ్రీ ఆవిడ రానందట. ఆసుపత్రిలో పగటి షిఫ్టు ఇచ్చారట. కబురు తెచ్చింది డోర్‌మన్. ఆవిడ బాగానే ఉంది మేడమ్ అన్నాడు. అతను మాత్రం వస్తున్నాడు. జూన్ నుంచి తలుపు దగ్గర నిజంగా జనం ఉంటారు.

మే 3

మొదటి హోటల్‌కి వచ్చాను. పదకొండేళ్ళ క్రితం ఇక్కడ నేను నేర్పినవాళ్ళలో ఏడుగురు ఇంకా ఉన్నారు. పరిగెత్తుకుంటూ వచ్చి చేతులు పట్టుకున్నారు. నేనెందుకు వచ్చానో తెలిసే పట్టుకున్నారు.

ముందు గోడ మీది ఇత్తడి అక్షరాలు దింపించాను. వాటి కింద గోడ పాత రంగులోనే ఉంది. దూరంనుంచి చూస్తే పేరు ఇంకా చదవొచ్చు. సున్నం రెండు పూతలు వేయమన్నాను. మూడు వేయాల్సివస్తుందన్నాడు మేస్త్రీ.

మే 7

కింది అంతస్తు పూర్తయింది. తెల్లదీపాల పెట్టెలు వసారా పొడుగునా ఉన్నాయి. ఎలక్ట్రీషియను పాత దీపం తీసినప్పుడల్లా వెనక గోడ మీద పెన్సిలు గుర్తు. తుడిచేయనా అంటున్నాడు. కొత్తది దాన్ని కప్పేస్తుందిలే, ఉండనీ అంటున్నాను.

గెస్టులెవరూ ఏమీ గమనించినట్టు లేరు. ఒక్క ముసలావిడ మాత్రం, నిన్నటికీ ఇవాళ్టికీ గదిలో ఏదో మారింది, ఏమిటో చెప్పలేకపోతున్నానంది.

మే 8

అక్షరాలు దింపాక పెద్దాయనకి ఫోన్ చేయాలనుకున్నాను. చేయలేదు.

మే 11

రేపు వచ్చేవాళ్ళ జాబితాలో లైట్ల ఆయన పేరు ఉంది.

మూడుసార్లు చదివాను. అలాంటి పేరు ఇంకెవరికైనా ఉండొచ్చు. ఊరు కూడా అదే. ఊళ్ళో అదే పేరుతో ఇంకొకరు ఉండొచ్చు. ఒకరికి, ఒక రాత్రి. పై అంతస్తులో ఇవ్వమని చెప్పాను. అక్కడి దీపాలు ఇంకా ముట్టుకోలేదు. ఎలక్ట్రీషియనుకి రేపు సెలవిచ్చాను.

మే 12

నాలుగింటికి వచ్చారు. చేతిలో చిన్న బట్టల సంచి. పనిముట్ల పెట్టె లేదు. అది లేకపోతే రెండో చేయి ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డారు. గోడ మీద సున్నాన్ని ఒకసారి చూశారు.

మా పద్ధతిలో వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఎదురుగా కూర్చుని వివరాలు రాసుకుంటాం. వచ్చే నెల నుంచి ఇది ఉండదు, కౌంటరు కడతారు. రాసుకోవాల్సిన అమ్మాయి లేవబోతే, నేను కూర్చుంటానని చెప్పి పుస్తకం తీసుకున్నాను.

దీపాలు తీసే పనికి రాలేదని ఆయనే ముందు చెప్పారు. పెట్టిన చేత్తో తీయలేనని నెల రోజులు ఆలోచించినా అదే తేలిందన్నారు. నేను చేసింది ఆయనకి నచ్చలేదని, లాండ్రీ ఆవిడ మొహం ఇంకా గుర్తొస్తోందని కూడా అన్నారు. నాకూ అన్నాను. ఆయన తల ఊపారు. నీళ్ళు తాగారు. గ్లాసు కింద పెట్టి, దాన్ని కొంచెం జరిపి, మళ్ళీ కొంచెం జరిపారు.

"పదకొండేళ్ళు ఇన్ని గదుల్లో దీపాలు పెట్టానండీ. ఒక్కదాని కిందా గెస్టుగా కూర్చోలేదు. అవి పోయేలోగా కూర్చుందామని. మీ తేదీలు ఆఫీసులో అడిగి తెలుసుకుని, ఎనిమిది ఊళ్ళలోనూ గది చెప్పాను."

మీరు అక్కడ ఉండే రోజుల్లోనే, అన్నారు తర్వాత, పుస్తకం వైపు చూస్తూ.

నేను పద్ధతి ప్రకారం తర్వాతి ప్రశ్న అడిగాను. భోజనం ఎన్నింటికని. ఏడున్నర అన్నారు. ఎందరికని అడిగాను.

"ఇద్దరికి."

జాబితాలో ఒకరనే ఉంది. కలం ఆగిపోయింది. ఎవరినో తీసుకొచ్చారేమో, వెనక వస్తున్నారేమో అనుకున్నాను. రెండోవారు ఎప్పుడొస్తారండీ అన్నాను.

"ఎవరూ రావడం లేదు," అన్నారు. "మనిద్దరమే."

కిటికీ పక్క బల్ల, ఏడున్నరకి, ఇద్దరు అని రాసుకున్నాను.